చెత్తకు చోటేది... నీటికి హద్దేది?

రామయ్య గుడి మెట్లు దిగితే గోదారి. గోదారి ఒడ్డున నిలబడితే అవతల సారపాక. వెనక్కి తిరిగితే ఊరు, ఊరు దాటితే అడవి, ఆ అడవి అంచున మరో రాష్ట్రం! భద్రాచలంలో ఏ దిక్కుగా నడిచినా కాసేపటికే ఏదో ఒక హద్దు ఎదురవుతుంది. దర్శనానికి వచ్చిన యాత్రికుడికి ఆ హద్దులతో పనిలేదు. స్నానం చేసి, స్వామిని చూసి, ప్రసాదం కళ్లకద్దుకుని తిరుగు బస్సెక్కుతాడు. అతను తిని పడేసిన విస్తరి, తాగి పారేసిన సీసా, కొబ్బరి చిప్ప, వాడిన పూలదండ మాత్రం ఊళ్లోనే ఉండిపోతాయి. తెల్లవారుజామున వాటన్నిటినీ ఊడ్చి ట్రాక్టరుకెత్తే పారిశుద్ధ్య కార్మికులకు రాష్ట్రం విడిపోయాక ఎదురైన ప్రశ్న ఒకటే... ఈ బండిని ఎటు తోలాలి?

చూడ్డానికి చిన్న ప్రశ్నే. కానీ దాని వేళ్లు రాష్ట్రాల సరిహద్దుల్లోకీ, అడవి చట్టాల్లోకీ, చివరికి ఊరు తాగే నీళ్లలోకీ పాకాయి.

బొగ్గు దాటి... బూడిద దాటి...

ఖమ్మం నుంచి భద్రాచలం సుమారు 120 కిలోమీటర్లు. వైరా దాటాక రోడ్డుకు రెండువైపులా మిర్చి, పత్తి చేలు. ఏన్కూరు, జూలూరుపాడు వచ్చేసరికి చేల మధ్య చెట్లు చిక్కబడతాయి. కొత్తగూడెం అంటే బొగ్గు... సింగరేణి ప్రధాన కార్యాలయం ఇక్కడే. ఇక్కడి రైల్వేస్టేషన్‌కు పెట్టిన పేరేమో భద్రాచలం రోడ్‌! ఆ పేరు చూసి దిగిన కొత్తవాళ్లు గుడి గోపురం కోసం అటూ ఇటూ చూస్తారు. గుడికి ఇంకా 40 కిలోమీటర్లు పోవాలి మరి.

తర్వాత పాల్వంచ. దశాబ్దాలపాటు ఈ ఊరికి ఆనవాలు థర్మల్‌ విద్యుత్‌ కేంద్రం కూలింగ్‌ టవర్లే. పాత ప్లాంటు తాలూకు ఎనిమిది టవర్లను 2024 ఆగస్టులో పేల్చి కూల్చేశారు. క్షణాల్లో నేలమట్టమయ్యాయి. బొగ్గు కాలగా మిగిలే బూడిద మాత్రం అంత తేలిగ్గా పోదు. థర్మల్‌ కేంద్రాల్లో దాన్ని నీళ్లతో కలిపి బూడిద చెరువుల్లోకి పంపుతారు. నీరు కొంత ఆవిరవుతుంది, కొంత ఇంకుతుంది. బూడిద మిగులుతుంది. కంటికి కనిపించే కుప్ప ఒకటైతే, దాని అడుగు నుంచి నేలలోకి దిగేది మరొకటి. ఈ దారిలో వెళ్లేవారికి మొదటి పాఠం ఇక్కడే.

ఈ పాల్వంచకే 17వ శతాబ్దంలో తహసీల్దారుగా వచ్చిన కంచర్ల గోపన్న భద్రగిరి మీద గుడి కట్టించి రామదాసుగా మిగిలిపోయాడు. పాల్వంచ దాటితే టేకు, ఇప్ప, తునికి చెట్ల మధ్య నుంచి రోడ్డు. సారపాకలో కాగితం మిల్లు. ఆ తర్వాత 1965 నాటి పాత వంతెన. కింద గోదారి... ఎదురుగా గోపురం. బస్సులో సగం చేతులు వాటంతటవే జోడవుతాయి.

గీత జరిగింది... చెత్త మిగిలింది

భద్రాచలం ఎప్పుడూ సరిహద్దు ఊరే. 1959 దాకా తూర్పుగోదావరి జిల్లాలో ఉంది. ఆ ఏడాది ఖమ్మంలో కలిసింది. 2014లో రాష్ట్ర విభజన జరిగింది. పోలవరం ముంపు కింద చుట్టుపక్కల మండలాలను ఆంధ్రప్రదేశ్‌కు బదలాయిస్తూ, భద్రాచలం రెవెన్యూ గ్రామాన్ని మాత్రం తెలంగాణలో ఉంచారు. 2016లో ఆ ఊరు కొత్తగా పుట్టిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చింది.

ఫలితం ఏమిటంటే... గుడి ఇటు, గుడి మాన్యం అటు. పురుషోత్తపట్నంలో స్వామివారికున్న దాదాపు 890 ఎకరాలు పక్క రాష్ట్రంలోకి వెళ్లాయి. ఊరు ఇటు, ఊరి చుట్టూ ఉన్న ఖాళీ జాగా అటు. ఎటపాక, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు, గుండాల, పురుషోత్తపట్నం... నిన్నటిదాకా ఊరి శివార్లు అనుకున్నవన్నీ పొరుగు రాష్ట్రపు పంచాయతీలయ్యాయి. భద్రాచలం నుంచి పర్ణశాలకు వెళ్లే యాత్రికుడు తెలంగాణలో బయల్దేరి, ఆంధ్రాలోకి వెళ్లి, మళ్లీ తెలంగాణలో తేలతాడు. ముప్పై పైచిలుకు కిలోమీటర్ల దారిలో రెండుసార్లు రాష్ట్రం మారుతుంది! ఈ అయిదు పంచాయతీలనూ తిరిగి ఇవ్వాలని తెలంగాణ 2024లో మరోసారి కోరింది కూడా.

మాన్యం సంగతి కోర్టులు చూసుకుంటాయి. బస్సులకు పర్మిట్లు ఇస్తారు. చెత్తకు ఎవరు పర్మిట్‌ ఇస్తారు? 2011 జనాభా లెక్కల నాటికే ఈ ఊళ్లో దాదాపు 50 వేల మంది ఉన్నారు. శ్రీరామనవమికీ, ముక్కోటి తెప్పోత్సవానికీ వచ్చే జనం దీనికి అదనం. ఇంత ఊరినీ ఊడ్చే భారం గ్రామ పంచాయతీది. పల్లెప్రగతి పేరిట 2019 నుంచి తెలంగాణలో ఊరూరా ట్రాక్టరు, డంపింగ్‌ యార్డు ఏర్పాటు చేశారు. భద్రాచలంలో ట్రాక్టరుకు కొదవలేదు, యార్డుకే జాగా దొరకలేదు. ఒక పక్క నది. మిగతా పక్కల పొరుగు రాష్ట్రం. పోనీ అడవి? అటవీ భూమిలో చెట్టు కొట్టి మరో పనికి వాడుకోవాలంటే 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం ప్రకారం కేంద్రం అనుమతి కావాలి. అడవి పక్కన గిరిజనుల భూములు. వాటిని గిరిజనేతరుల పరం చేయకుండా 1970 నాటి భూబదలాయింపు నిబంధన కాపలా ఉంది. ఆ చట్టాలు ఉండాల్సినవే. కోయ గూడేల పక్కన పట్నం చెత్త దింపి చేతులు దులుపుకోవడం న్యాయమూ కాదు.

అలా అన్ని దారులూ మూసుకుపోయాక మిగిలింది గోదారి గట్టు. విభజన తర్వాతి ఏళ్లలో ఊరి చెత్త కరకట్ట వెంట, నది పక్కన చేరుతూ వచ్చింది. దక్షిణ గంగ అని నెత్తిన చల్లుకునే నీళ్లకు పక్కనే!

చెలమ చెప్పే నిజం

భద్రాచలానికి అయిదారు కిలోమీటర్ల దూరంలో గుండాల. ఇక్కడ గోదారి ఇసుకలో చిన్న గుంత తవ్వితే వేడినీళ్లు ఊరతాయి. ఉష్ణగుండాలని పేరు. యాత్రికులకు అది వింత. కాస్త ఆలోచిస్తే అందులోనే అసలు విషయం ఉంది. వేడి నీళ్లయినా, చల్లటి నీళ్లయినా గోదారి ఒడ్డున నేలకింద నీరు చేతికందేంత దగ్గర్లో ఉంటుంది. ఎండాకాలం ఇసుకలో చెలమ తీసి, కొబ్బరి చిప్పతో నీళ్లు తోడుకున్న వాళ్లెవరినడిగినా ఆ మాటే చెబుతారు. నది అంటే పైన పారేది మాత్రమే అనుకుంటాం. ఇసుక కిందా, ఒండ్రు కిందా దాని జాడ గట్టు దాటి ఊళ్లోకి సాగుతూనే ఉంటుంది.

అలాంటి నేల మీద చెత్తకుప్ప పెడితే ఏమవుతుంది? వాన పడుతుంది. నీరు కుప్పలోంచి కిందికి దిగుతూ అన్నం మెతుకు నుంచి బ్యాటరీ సెల్లు దాకా ప్రతిదాన్నీ కడుగుతుంది. కుళ్లే తిండి నుంచి ఆమ్లాలు, అమ్మోనియా. ఉప్పులు ఎటూ ఉంటాయి. బ్యాటరీలు, బల్బులు, రంగుల డబ్బాల నుంచి సీసం లాంటి లోహాలు. అన్నీ కలిసి నల్లటి కషాయంలా అడుగున చేరతాయి. ఇంజినీర్లు దాన్ని లీచేట్‌ అంటారు. అడుగున బంకమట్టి ఉంటే అది నెమ్మదిగా ఇంకుతుంది. ఇసుక ఉంటే ఆగేదే లేదు. నీటిపొరను తాకాక, నీరు ఎటు పోతే అటు పోతుంది. అక్కడ తెలంగాణ అని, ఇక్కడ ఆంధ్రా అని బోర్డు చూసి ఆగదు.

ఇంకో చిక్కుంది. మామూలు రోజుల్లో భూగర్భ జలం ఊరి వైపు నుంచి నది వైపు జరుగుతుంది. వరదొచ్చి నది పైకి లేస్తే అది తిరగబడుతుంది. నది నీరే గట్టులోంచి ఊరి నేలలోకి నెట్టుకొస్తుంది. భద్రాచలానికి వరద కొత్తేమీ కాదు. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది... ఇక్కడి చిన్నపిల్లలకు కూడా ఎక్కాల్లా ఈ అంకెలు వచ్చు. 1986 ఆగస్టులో నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. ఇప్పటికీ అదే రికార్డు. 2022 జులైలో 71.3 అడుగులకొచ్చింది. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. 1986 తర్వాత కట్టిన కరకట్ట ఊరిని కాపాడింది కానీ, స్లూయిజ్‌ల దగ్గర లీకేజీతో ఆలయ పరిసరాల్లోకి నీళ్లొచ్చాయి. మోటార్లు పెట్టి తోడిపోశారు. అలాంటి రోజున గట్టు పక్కనున్న చెత్త ఎక్కడుంటుందో వేరే చెప్పాలా?

ఘన వ్యర్థాల నిర్వహణకు 2016లో వచ్చిన నిబంధనలు ఈ సంగతి ముందే ఊహించాయి. డంపింగ్‌ యార్డు నదికి కనీసం 100 మీటర్లు, చెరువుకూ ఇళ్లకూ తాగునీటి బావులకూ 200 మీటర్ల దూరంలో ఉండాలన్నాయి. వందేళ్లలో వరద ముంచిన చోట అసలు వద్దన్నాయి. అడుగున 90 సెంటీమీటర్ల బంకమట్టి, దానిపై ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం ప్లాస్టిక్‌ పొర పరవాలి. నీటిమట్టం ఎంత పైకొచ్చినా ఆ మట్టి పొరకు రెండు మీటర్ల కిందే ఉండాలి. 1986 వరద గీతను భద్రాచలం పటం మీద గీసి, ఈ కొలతలు పెట్టి చూస్తే గోదారి గట్టు ఏ లెక్కనా పనికిరాదు.

జవహర్‌నగర్‌ నేర్పిన పాఠం

ముందు చెత్త పోసి తర్వాత చూసుకుందాంలే అంటే ఏమవుతుందో తెలుగువారికి పరాయి ఉదాహరణ అక్కర్లేదు. హైదరాబాద్‌ శివారు జవహర్‌నగర్‌ ఉంది. 2000 దశకం మొదట్లో నగరం చెత్తను అక్కడికి తరలించడం మొదలుపెట్టారు. ఏళ్లపాటు అడుగున ఏ పొరా లేకుండా నేలమీదే పోశారు. కుప్పలు గుట్టలయ్యాయి. కోటీ 20 లక్షల టన్నుల దాకా పేరుకుందని అంచనా. కింద మల్కారం చెరువు నల్లబడింది. చుట్టుపక్కల కాలనీల్లో బోరు వేస్తే రంగు నీళ్లు, వాసన నీళ్లు. సొంత బోరున్నవాళ్లు కూడా ట్యాంకరు కోసం ఎదురుచూడాల్సిన రోజులొచ్చాయి.

ఆ తర్వాత దిద్దుబాటు మొదలైంది. గుట్టను చదునుచేసి, మట్టీ ప్లాస్టిక్‌ పొరలతో పైకప్పు వేసే పని 2020 ప్రాంతంలో పూర్తిచేశారు. వాన నీరు లోపలికి దిగకుండా చేయడం దీని ఉద్దేశం. 2020లోనే చెత్త నుంచి కరెంటు తీసే ప్లాంటు ప్రారంభమైంది. లీచేట్‌ శుద్ధికీ, చెరువును బాగుచేయడానికీ మళ్లీ విడిగా ఖర్చు. మొత్తం వందల కోట్ల రూపాయల పని. మహానగరం కాబట్టి ఆ బరువు మోయగలిగింది. పంచాయతీ ఖజానాకు అది సాధ్యమేనా?

అమెరికాలోనూ ఇదే కథ. నయాగరా జలపాతం దగ్గర లవ్‌ కెనాల్‌ అనే చోట పూడ్చిన రసాయన వ్యర్థాలు ఇళ్లలోకి ఊరడంతో 1978లో అత్యవసర పరిస్థితి ప్రకటించి జనాన్ని ఖాళీ చేయించారు. అంత దేశమూ రెండేళ్ల తర్వాత ప్రత్యేక చట్టం చేసుకుంటే తప్ప శుభ్రం చేసే పని ఒక దారికి రాలేదు. చెత్త పూడ్చడం ఒక్క రోజు పని. నీళ్లను బాగుచేయడం ఒక తరం పని.

సాక్షి బావులు కావాలి

మరి నేలకింద జరిగేది ఎలా తెలుసుకోవాలి? దీనికి మంత్రమేమీ లేదు. ఓ క్రమం ఉంది.

మొదట కుప్ప చుట్టుపక్కల బావులు, బోర్లు, చేతిపంపులన్నిటినీ లెక్కరాయాలి. ఎంత లోతు, ఎప్పుడు వేశారు, రంగో రుచో ఎప్పుడు మారింది... ఈ వివరాలు కాగితాల్లో దొరకవు. బిందె మోసే ఆడవాళ్ల దగ్గరే దొరుకుతాయి. తోడినప్పుడు తేటగా ఉండి కాసేపటికి బిందెలో తుప్పు రంగుకు తిరిగే నీళ్లంటే అందులో ఇనుము కరిగి ఉందన్నమాట. అలాంటి ఆనవాళ్లు వాళ్ల కంటే బాగా ఎవరికి తెలుస్తాయి?

తర్వాత నీరు ఎటు పోతోందో చూడాలి. మూడు బావుల్లో నీటిమట్టాన్ని ఒకే ప్రమాణంతో కొలిస్తే వాలు ఎటుందో లెక్క తేలుతుంది. వాలుకు ఎగువన ఒక బావి, దిగువన కొన్ని బావులు... ఎగువ బావి నీరు మంచిగా ఉండి, దిగువ బావి నీరు చెడితే నేరం మధ్యలో ఉన్న కుప్పదే. ఎగువదీ చెడి ఉంటే ఇంకెక్కడో మూలం ఉంది. ఎగువ బావిని పరీక్షించకుండా చెత్త మీద నింద వేసినా, చెత్తను వెనకేసుకొచ్చినా రెండూ తప్పే.

పరీక్షల్లో ముందుగా చూసేది క్లోరైడు, అంటే ఉప్పు. ఇసుకలో చిక్కుకోదు, సూక్ష్మజీవులు తినవు. చెత్తనీటిలో అందరికంటే ముందు పరిగెత్తేది అదే. తాగునీటిలో అది లీటరుకు 250 మిల్లీగ్రాములు దాటకూడదని భారతీయ ప్రమాణం. మరో ఆధారం లేనిచోట 1,000 దాకా సర్దుకోవచ్చంటారు. నైట్రేటు 45కు మించకూడదు. సీసానికి హద్దు 0.01 మిల్లీగ్రాములే! వానలకు ముందోసారి, తర్వాతోసారి నమూనా తీయాలి. బోరులో నిలిచి ఉన్న నీళ్లను కాసేపు వదిలేసి, కొత్త నీళ్లు వచ్చాకే సీసాలో పట్టాలి. ఒక్కరోజు ఒక్క సీసాతో తేలే విషయం కాదిది. 2016 నిబంధనలు కూడా యార్డు పెట్టకముందే నీటి పరీక్ష చేయించి దాచుకోవాలనీ, ఆ తర్వాత యార్డు అంచు నుంచి 50 మీటర్ల లోపు నీటిని ఎండాకాలం, వానాకాలం, వానల తర్వాత పరీక్షించాలనీ చెప్పాయి.

భద్రాచలం పక్కనే ఉన్న ఎటపాకను పెద్దలు జటాయుపాక అంటారు. రెక్క తెగి పడిన జటాయువు రాముడికి కనిపించింది ఇక్కడేనని స్థానికుల నమ్మకం. సీతమ్మను ఎటు తీసుకుపోయారో చెప్పిన సాక్షి ఆ పక్షి. చెత్తనీరు ఎటు పోయిందో చెప్పే సాక్షి పరీక్ష బావి. ఆ సాక్షులు గీతకు ఇటూ ఉండాలి, అటూ ఉండాలి. రెండు రాష్ట్రాల భూగర్భజల శాఖలు ఒకే పటం ముందు కూర్చోవాలి. గ్రామాలు ఇచ్చిపుచ్చుకునే మాట తేలేదాకా ఆగాల్సిన పని కాదిది.

ముందు కుప్ప... తర్వాతే నీళ్లు

నీళ్లు చెడ్డాయని తేలితే ఏం చేయాలి? కుప్పను అలాగే ఉంచి నీళ్లు శుద్ధి చేయడం, కుళాయి కట్టేయకుండా నేల తుడవడం లాంటిది. మొదట మూలాన్ని ఆపాలి. గట్టు పక్కన చెత్తను తవ్వి తీయడం ఒక దారి. దీన్నే బయోమైనింగ్‌ అంటున్నారు. పాత చెత్తను వరసలుగా పేర్చి, సూక్ష్మజీవుల ద్రావణం చల్లి, తిరగేస్తూ ఆరనిస్తారు. ఆ తర్వాత జల్లెడ పడతారు. మట్టి ఒక పక్క, రాళ్లు ఒక పక్క, ప్లాస్టిక్‌, గుడ్డ పేలికలు ఒక పక్క చేరతాయి. ప్లాస్టిక్‌ సిమెంటు ఫ్యాక్టరీల బట్టీలకు వెళ్తుంది. తవ్వడం కుదరని పెద్ద గుట్టకు జవహర్‌నగర్‌లో చేసినట్టు పైకప్పు వేస్తారు.

ఆ తర్వాతే నీటి వంతు. చెడ్డ నీటిని బోర్లతో తోడి, శుద్ధిచేసి వదలడం ఖరీదైన పని, ఏళ్లు పట్టే పని. మూలం ఆగిపోతే వానలు పడుతూ, కొత్త నీరు చేరుతూ చాలావరకు నేల తనంతట తానే కోలుకుంటుంది. అదీ ఒక్క ఏడాదిలో జరగదు. యార్డు మూశాక కూడా 15 ఏళ్లు నిఘా పెట్టాలని 2016 నిబంధనలు చెప్పాయంటేనే తెలుస్తుంది. ఈలోగా ఆ చుట్టుపక్కల ఇళ్లకు వేరే చోటి నుంచి మంచినీళ్లివ్వడం ప్రభుత్వం పూచీ. కాచి తాగితే చాలదా అనేవాళ్లున్నారు. కాస్తే క్రిములు చస్తాయి. ఉప్పులు, లోహాలు పోవు. నీరు ఆవిరైనకొద్దీ ఇంకా చిక్కబడతాయి.

అన్నిటికంటే చవకైన పని ఇంట్లోనే ఉంది. మన చెత్తలో సగం దాకా తడి చెత్తే. కుళ్లేది అదే. మిగతా వాటిని నానబెట్టి విషం తీసేదీ అదే. గుడి పూలు, అరటి ఆకులు, సత్రాల్లో మిగిలిన అన్నం... ఇవన్నీ విడిగా పట్టి ఎరువు చేస్తే బండి సగం తేలికవుతుంది. బ్యాటరీలు, ట్యూబ్‌లైట్లు, మందుల సీసాలు విడిగా తీస్తే మిగిలిన దాంట్లో కోరలు పీకినట్టే. అప్పుడు ఊరికి కావాల్సిన జాగా కూడా తగ్గుతుంది. వరద గీతకు ఎగువన, ఎవరి పొలమూ ఎవరి బావీ చెడని చోట, అడుగున పొరలు పరిచిన చిన్న యార్డు... అంత జాగా వెతకడానికి రెండు రాష్ట్రాలకు మనసుంటే చాలు.

సాయంత్రం గోదారి మీద ఎండ వాలుతుంది. స్నానఘట్టంలో యాత్రికులు చివరి మునక వేసి, ఇంటికి తీసుకెళ్లడానికి చిన్న సీసాలో గోదారి నీళ్లు పట్టుకుంటారు. ఆ సీసా ఊరికి చేరి, దేవుడి గూట్లో ఏళ్లపాటు ఉంటుంది. ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా అందులోంచి ఓ చుక్క తీర్థంగా పోస్తారు. ఆ చుక్కను నమ్మకంతో మింగే వాళ్లకు భద్రాచలం ఏ రాష్ట్రంలో ఉందో, చెత్త ట్రాక్టరు ఎటు వెళ్లిందో తెలియదు. తెలియాల్సిన అవసరం రాకుండా చూడటమే ఈ ఊరి బాధ్యత... ఆ ఊరికి హద్దులు గీసిన వాళ్లందరి బాధ్యత!